డెస్క్‌టాప్ మార్చడం నేర్పేటప్పుడు వెనక్కి వచ్చే దారి కూడా చెప్పండి

సంపాదకులకు నమస్కారం.

మొన్న ఆదివారం మీ టెక్నాలజీ పేజీలో, విండోస్‌కి బదులు వాడుకునే లినక్స్ డెస్క్‌టాప్ రూపం పది నిమిషాల్లో ఎలా మార్చుకోవచ్చో రాశారు. తెలుగు పేపర్లో లినక్స్ గురించి అరపేజీ రావడం చూసి నాకు చాలా సంతోషం వేసింది, ఆ పేజీ కత్తిరించి దాచుకున్నాను కూడా. రెండోసారి నిదానంగా చదివాక మాత్రం భయం పట్టుకుంది. అందులో ఇచ్చిన కమాండ్లలో రెండు, ఏడాదిన్నర క్రితం నన్ను నా కంప్యూటర్‌లోకే రానివ్వకుండా గుమ్మంలో నిలబెట్టినవి. అవి ఏం చేస్తాయో, ఏ వర్షన్‌కి పనికొస్తాయో, తేడా వస్తే వెనక్కి ఎలా రావాలో ఒక్క వాక్యం కూడా లేదు. మీ పేజీ పక్కన పెట్టుకుని ఈ రాత్రి ఎవరో ఒకరు అవి టైప్ చేస్తూ ఉంటారు కదా, ఆ మనిషి కోసం ఈ ఉత్తరం. కాస్త పొడుగైంది, వీలైతే మొత్తం వేయండి.

నేను కంప్యూటర్ చదువు చదివినదాన్ని కాదు. అనువాదాలు చేస్తాను, పొద్దున్నుంచి రాత్రిదాకా తెలుగులో టైప్ చేయడమే నా పని. విండోస్ 10కి 2025 అక్టోబర్ 14తో సపోర్ట్ ఆగిపోతుందని ముందే ప్రకటించారు, నా ల్యాప్‌టాప్‌లో అది అడిగే టీపీఎం 2.0 అనే భద్రతా చిప్ లేదు కాబట్టి విండోస్ 11 ఎక్కదు, మెషీన్ చూస్తే శుభ్రంగా పనిచేస్తోంది. పారేయడానికి మనసొప్పక లినక్స్‌లోనే ఒక రకమైన లినక్స్ మింట్ వేసుకున్నాను. ఇదే కారణంతో లినక్స్ వైపు కొత్తగా వచ్చేవాళ్లు ఇప్పుడు చాలామందే ఉంటారు. వాళ్లకి మొదట కలిగే కోరిక కూడా ఇదే, దీన్ని నాకు నచ్చినట్టు మార్చుకోవాలని. ఆ కోరిక చాలా మంచిది, దాన్ని ఎవరూ చిన్నచూపు చూడకూడదు. "రంగులు మార్చుకోవడానికా లినక్స్" అనేవాళ్లని విన్నాను, నేను అస్సలు ఒప్పుకోను.

మింట్ వేసిన మొదటి వారం నేను ఒక్క కమాండ్ కూడా టైప్ చేయలేదు. స్క్రీన్ అడుగున ఉండే ప్యానెల్‌ని ఎడమ పక్కకి జరిపాను, దాంతో నేను అనువాదం చేసే పేజీకి కింద ఇంకో రెండు మూడు లైన్లు చోటు దొరికింది. గడియారంలో వారం పేరు కూడా కనబడేలా పెట్టుకున్నాను. పని మధ్యలో పొరపాటున మౌస్ మూలకి వెళ్తే కిటికీలన్నీ చెల్లాచెదురయ్యే ఏర్పాటు ఏదో నాకు నేనే ఆన్ చేసుకున్నాను, అది తీసేశాను. ఇవన్నీ సెట్టింగుల్లో మౌస్‌తో అయిపోయే పనులు. ఏదైనా నచ్చకపోతే అదే చోటికి వెళ్లి మళ్లీ మార్చేయొచ్చు. ఆ వారం నేర్చుకున్నదే నిజానికి నాకు ఇప్పటికీ ఎక్కువ ఉపయోగపడుతోంది.

రెండో వారంలో ఒక వీడియో చూశాను. అందులో డెస్క్‌టాప్ అద్దంలా మెరిసిపోతోంది, కింద ఐకాన్లు వరసగా ఎగిరెగిరి పడుతున్నాయి. వీడియో కింద కమాండ్లు ఇచ్చారు, కాపీ చేయండి, పేస్ట్ చేయండి, అడిగితే వై నొక్కండి అన్నారు. మూడో కమాండ్, అప్పటికే ఉన్న ఫైల్ మేనేజర్‌ని, అంటే ఫోల్డర్లు తెరిచి చూపే ప్రోగ్రాంని, తీసేయమంటుంది, వేరే అందమైనది వేసుకోవడానికి. మింట్ సినమన్‌లో ఆ ఫైల్ మేనేజర్ పేరు నెమో. టెర్మినల్, అంటే కమాండ్లు టైప్ చేసే కిటికీ, ఊరికే చేసేయలేదు, "ఈ కింది ప్యాకేజీలు (ప్రోగ్రాముల మూటలు) తీసివేయబడతాయి" అనే అర్థం వచ్చే లైను చూపించి, కింద పేర్లన్నీ వరసగా ఇచ్చి, చేయమంటావా వద్దా అని అడిగింది. ఆ పేర్లలో సినమన్ కూడా ఉంది. అంటే నేను చూస్తున్న డెస్క్‌టాప్ మొత్తం. సినమన్ నెమో మీద ఆధారపడి ఉంటుంది కాబట్టి నెమోని తీసేస్తే సినమన్ కూడా పోతుంది, ఈ లెక్క నాకు అప్పుడు తెలియదు. ఇంగ్లిష్‌లో ఇరవై పేర్లు వరసగా కనబడితే చదవాలనిపించలేదు, వీడియోలో చెప్పారు కదా అని వై నొక్కేశాను. ఆ తర్వాతి కమాండ్ అక్కర్లేని ప్యాకేజీలన్నీ ఊడ్చేస్తుంది, అదీ కొట్టాను. సినమన్ పోయాక దానికోసం వచ్చినవన్నీ అక్కర్లేనివే అవుతాయి కదా, అవీ పోయాయి. సరిగ్గా ఈ రెండు కమాండ్లే మీ వ్యాసంలో నాలుగు, ఐదు నంబర్లతో ఉన్నాయి.

రీస్టార్ట్ చేస్తే లాగిన్ పేజీ వచ్చింది. పాస్‌వర్డ్ కొడితే ఒక్క క్షణం నల్లగా అయిపోయి మళ్లీ అదే లాగిన్ పేజీ. ఎన్నిసార్లు కొట్టినా అంతే. మర్నాడు పొద్దున ఇవ్వాల్సిన అనువాదం అందులో ఉంది, నలభై పేజీలు, వేరే చోట కాపీ లేదు. ఆ రాత్రి పడ్డ టెన్షన్ తలుచుకుంటే ఇప్పటికీ గొంతు ఎండిపోతుంది.

తెలిసినాయనకి ఫోన్ చేశాను. ఆయన మొదట అన్నమాట, "కంగారుపడకండమ్మా, మీ ఫైళ్లు ఎక్కడికీ పోలేదు, పోయింది పైన వేసిన పందిరి మాత్రమే." కంట్రోల్, ఆల్ట్, ఎఫ్3 మూడూ కలిపి నొక్కమన్నారు. నల్లటి తెర, తెల్ల అక్షరాలు, లాగిన్ అన్న మాట, పక్కన గీత మినుకుమినుకుమంటూ. పేరు కొట్టాను. పాస్‌వర్డ్ కొడుతుంటే ఒక్క చుక్క కూడా కనబడదు, కీబోర్డు కూడా పోయిందనుకుని ఏడుపొచ్చేసింది. "అక్కడ కనబడదు, కొడుతూ పోండి, ఎంటర్ నొక్కండి" అన్నారాయన. కొత్తవాళ్లు గుర్తుంచుకోవాల్సిన సంగతి ఇది, ఆ తెర మీద పాస్‌వర్డ్ నక్షత్రాలుగా కూడా కనబడదు, కానీ అక్షరాలు పడుతూనే ఉంటాయి. లోపలికి వెళ్లాక నా ఫైళ్ల పేర్లు చదివి వినిపించమన్నారు. నలభై పేజీల ఫైలు పేరు చదువుతుంటే నా గొంతులోకి ప్రాణం తిరిగొచ్చింది. ఆప్ట్ అనే ప్రోగ్రాం తాను ఏ రోజు ఏం వేసిందో, ఏం తీసేసిందో అంతా ఒక హిస్టరీ ఫైల్లో తేదీతో సహా రాసిపెట్టుకుంటుంది. ఆ ఫైలు తెరిపించి, పోయినవి ఏమిటో చదివించి, ఫోన్‌ని కేబుల్‌తో కలిపి దాని ఇంటర్నెట్ వాడుకుని సినమన్‌ని మళ్లీ వేయించారు. నలభై నిమిషాలు పట్టింది. నేను ఎడమకి జరిపిన ప్యానెల్, గడియారంలో వారం పేరు, అన్నీ ఎక్కడివక్కడే ఉన్నాయి.

అవెందుకు పోలేదో ఆయన చెప్పాకే నాకు ఈ కస్టమైజేషన్ అనేది అర్థమైంది. మీ వ్యాసంలో ఉండాల్సింది, లేనిది కూడా ఇదే. లినక్స్ అంటే నిజానికి అడుగున ఉండి మెషీన్‌ని నడిపే కెర్నల్, 1991 ఆగస్టు 25న లైనస్ టోర్వాల్డ్స్ నేను సరదాకి ఒకటి రాస్తున్నానని ప్రకటించింది అదే. మన కంటికి కనబడే మెనూలు, ప్యానెళ్లు, కిటికీలు దాని పైన కూర్చునే వేరే ప్రోగ్రాములు. వాటిని డెస్క్‌టాప్ ఎన్విరాన్‌మెంట్ అంటారు. ఒకటి పోతే ఇంకోటి వేసుకోవచ్చు, రెండు మూడు పక్కపక్కన ఉంచుకుని లాగిన్ పేజీలో ఏది కావాలో ఎంచుకోవచ్చు కూడా. మనం చేసుకున్న మార్పులు ఆ ప్రోగ్రాముల్లో ఉండవు, మన పేరు మీద ఉండే హోమ్ ఫోల్డర్లో, చుక్కతో మొదలయ్యే పేర్లున్న దాచిన ఫోల్డర్లలో ఉంటాయి. ఫైల్ మేనేజర్లో కంట్రోల్, హెచ్ నొక్కితే అవన్నీ బయటపడతాయి. (చుక్క పెడితే దాగిపోవడం ఎవరో ఆలోచించి పెట్టిన నియమం కాదట. లినక్స్‌కి ముందునాటి యూనిక్స్ అనే సిస్టమ్ తొలి రోజుల్లో ఫైళ్ల జాబితా చూపే ప్రోగ్రాంలో తీసుకున్న ఒక అడ్డదారి వల్ల అలా అయిపోయిందని, అక్కడ పనిచేసిన రాబ్ పైక్ తర్వాత రాశారు. ఇన్నేళ్లుగా అందరం దానిమీదే నడుస్తున్నాం.)

ఇది తెలిస్తే కొత్తవాళ్లకి సగం భయం పోతుంది. మార్పులు హోమ్ ఫోల్డర్లో ఉంటాయి కాబట్టి, ప్రయోగాలకి అదే కంప్యూటర్లో ఇంకో యూజర్ పేరు సృష్టించుకోవచ్చు. నేను "ప్రయోగం" అనే పేరుతోనే ఒకటి పెట్టుకున్నాను. ఏ థీమ్ అయినా, ఏ ఐకాన్లు అయినా ముందు అందులోకి వెళ్లి వేస్తాను, వారం వాడతాను, నచ్చితే నా యూజర్‌లోకి తెచ్చుకుంటాను. పాడైతే ఆ యూజర్‌ని తీసేసి కొత్తది పెట్టుకుంటాను, నా పనికి ఏమీ కాదు. అయితే ఒక హద్దు ఉంది. ఏ పనికైనా కంప్యూటర్ పాస్‌వర్డ్ అడిగిందంటే, లేదా కమాండ్ ముందు సుడో అన్న మాట ఉందంటే, ఆ మార్పు నా యూజర్ దాటి సిస్టమ్ మొత్తానికీ తగులుతుంది, అక్కడ వేరే యూజర్ అన్న రక్షణ పనిచేయదు. వాల్‌పేపర్ మార్చడానికి పాస్‌వర్డ్ అడగదు, ఫైల్ మేనేజర్ తీసేయడానికి అడుగుతుంది. నాకు ఆ రోజు ఈ ఒక్క తేడా తెలిసి ఉంటే సరిపోయేది.

సిస్టమ్ మొత్తానికి తగిలే వాటికి టైమ్‌షిఫ్ట్ ఉంది. మింట్‌లో అది ముందే ఉంటుంది. ఇవాళ కంప్యూటర్ ఎలా ఉందో ఒక స్నాప్‌షాట్ తీసి పెడుతుంది, రేపు ఏదైనా చెడితే ఆ రోజుకి తీసుకెళ్తుంది. డెస్క్‌టాప్‌లోకి వెళ్లలేని పరిస్థితి వచ్చినా, మింట్ ఎక్కించిన పెన్‌డ్రైవ్‌తో కంప్యూటర్ ఆన్ చేసి అక్కడినుంచి కూడా టైమ్‌షిఫ్ట్ నడపొచ్చు. తర్వాత ఒకసారి లాగిన్ పేజీకి వేసిన థీమ్ ఒకటి బెడిసికొడితే నేను అలాగే బయటపడ్డాను, ఈసారి ఎవరికీ ఫోన్ చేయలేదు. ఒకటి మాత్రం గట్టిగా చెప్పాలి. టైమ్‌షిఫ్ట్ సిస్టమ్ ఫైళ్లని కాస్తుంది, మామూలుగా హోమ్ ఫోల్డర్లోని మన రాతలు, ఫోటోలు అందులో చేరవు. వాటికి వేరే డ్రైవ్‌లో విడిగా కాపీ ఉండాల్సిందే. చాలామంది టైమ్‌షిఫ్ట్ ఉంది కదా అని ఆ పని వదిలేస్తున్నారు.

ఊరికే సెట్టింగులు చిందరవందర అయినప్పుడు ఇంత కూడా అక్కర్లేదు. సినమన్‌లో ప్యానెల్ మీద రైట్ క్లిక్ చేసి ట్రబుల్‌షూట్ అన్నచోటికి వెళ్తే, సెట్టింగులన్నీ మొదట్లో ఉన్నట్టు చేసేసే మాట ఒకటి ఉంటుంది. గోటితో పోయేదానికి గొడ్డలి ఎందుకు.

ఇంకో ప్రమాదం గురించి మీ వ్యాసంలో అసలే లేదు. థీమ్ అంటే రంగులూ బొమ్మలే కదా, దాంతో ఏమవుతుందిలే అనుకుంటాం. 2024 మార్చిలో కేడీఈ డెస్క్‌టాప్ వాడే ఒకాయన, ఆ డెస్క్‌టాప్ సెట్టింగుల్లోంచే దొరికే గ్లోబల్ థీమ్ ఒకటి వేసుకుంటే ఆయన సొంత ఫైళ్లు చెరిగిపోయాయి. తయారుచేసినవాళ్లు దురుద్దేశంతో చేసింది కాదు, లోపల ఉన్న స్క్రిప్ట్‌లో తప్పు. గ్లోబల్ థీమ్‌లో బొమ్మలతోపాటు నడిచే ప్రోగ్రాం కూడా ఉండొచ్చని, బయటివాళ్లు తయారుచేసిన వాటితో జాగ్రత్తగా ఉండమని కేడీఈ వాళ్లే అప్పుడు హెచ్చరించారు. ఐకాన్ల సెట్, వాల్‌పేపర్, కర్సర్ లాంటివి ఆ లెక్కలోకి రావు, అవి నిజంగానే బొమ్మలు. డెస్క్‌టాప్‌కి కొత్త పనులు చేర్చే ఎక్స్‌టెన్షన్లు, ప్యానెల్‌లో కూర్చునే యాప్లెట్లు నడిచే ప్రోగ్రాములు, గ్లోబల్ థీమ్‌లలోనూ అలాంటివి ఉండొచ్చు. ఈ రెంటినీ ఒకే గాటన కట్టి "థీమ్‌లు డౌన్‌లోడ్ చేసుకోండి" అని రాయకూడదు.

టెర్మినల్ అడిగింది చదవకపోవడం నా ఒక్కదాని సమస్య కూడా కాదు. 2021 నవంబర్‌లో పేరున్న యూట్యూబ్ ఛానల్ నడిపే ఒకాయన, పాప్ ఓఎస్ అనే ఇంకో రకం లినక్స్‌లో స్టీమ్ అనే గేముల ప్రోగ్రాం వేయబోతే ప్యాకేజీల్లో ఉన్న ఒక లోపం వల్ల డెస్క్‌టాప్ మొత్తం తీసేయబోతున్నానని ఆప్ట్ హెచ్చరించింది. "అవును, నేను చెప్పినట్టు చేయి" అని ఇంగ్లిష్‌లో పూర్తి వాక్యం టైప్ చేయమంది. ఆయన టైప్ చేశారు, డెస్క్‌టాప్ పోయింది. కంప్యూటర్లే వృత్తిగా ఉన్నవాళ్లకే అలా జరిగితే కొత్తవాళ్లని అడిగితే వై నొక్కండి అని పంపించడం ఎంతవరకు న్యాయం చెప్పండి. నొక్కేముందు జాబితాలో తీసివేయబడతాయి అన్న భాగం చదవండి, అందులో మీ డెస్క్‌టాప్ పేరు ఉంటే ఎన్ నొక్కి బయటికి రండి. ఈ రెండు వాక్యాలకి పేపర్లో చోటు సరిపోదా?

వర్షన్ సంగతి కూడా. ఉబుంటు అనే ఇంకో రకం లినక్స్ పేరు పక్కన ఉండే అంకెలు సంవత్సరం, నెల. 24.04 అంటే 2024 ఏప్రిల్. మింట్ 22 దాని మీద కట్టినదే. గ్నోమ్ డెస్క్‌టాప్ ఆరు నెలలకొకసారి కొత్తది వస్తుంది, దాని ఎక్స్‌టెన్షన్లు చాలావరకు ప్రతిసారీ కొత్త వర్షన్‌కి సరిచేయాల్సి వస్తుంది. 2023 సెప్టెంబర్‌లో గ్నోమ్ 45 వచ్చినప్పుడైతే ఎక్స్‌టెన్షన్లు రాసే పద్ధతే మారిపోయి, అంతకుముందు రాసినవి మార్చకపోతే పనిచేయలేదు. కాబట్టి మూడేళ్ల క్రితం వీడియోలోంచి తీసిన కమాండ్ ఇవాళ పనిచేయకపోతే తప్పు కొత్తగా వచ్చినవాళ్లది కాదు. కానీ వాళ్లు తమకి చేతకాలేదనుకుని లినక్స్ వదిలేస్తారు. నాకు ఎక్కువ బాధ అక్కడే.

ఇక అసలు విషయానికి వస్తాను, నేను ఇంతగా ఎందుకు పట్టించుకుంటున్నానో చెప్పాలి కదా. మా నాన్నగారికి డెబ్భై ఎనిమిదేళ్లు. చేయి వణుకుతుంది, కళ్లకి శుక్లాల ఆపరేషన్ అయ్యాక తెల్లటి తెర చూస్తే కళ్లు జిగేల్మంటున్నాయంటారు. కంప్యూటర్ ఇక నావల్ల కాదమ్మా అని వదిలేశారు. నా ల్యాప్‌టాప్ మార్చుకోవడం వచ్చాక ఇంకో పాత మెషీన్లో మింట్ వేసి, ఆయన పక్కన కూర్చుని, ఆయన చేతిని చూస్తూ ఒక్కొక్కటే మార్చాను.

డబుల్ క్లిక్ ఆయన వల్ల కావడం లేదు, రెండు నొక్కుల మధ్య మౌస్ జరిగిపోతుంది. నెమో సెట్టింగుల్లో ఒక్క క్లిక్‌తో తెరుచుకునేలా పెట్టాను. బాణం గుర్తు ఎక్కడుందో కనబడదంటే దాన్ని పెద్దది చేశాను, కంట్రోల్ కీ నొక్కితే బాణం చుట్టూ వలయం చూపించే ఏర్పాటు ఉంది, అది ఆన్ చేశాను. ఇప్పుడు ఆయన వెతుక్కోరు, కంట్రోల్ నొక్కుతారు. అక్షరాల సైజు మొత్తం సిస్టమ్‌కి ఒకేచోట పెంచే ఏర్పాటు ఫాంట్ల సెట్టింగుల్లో ఉంటుంది, 1.4 దగ్గర ఆపమన్నారు. వెనక తెర ముదురు ఆకుపచ్చ, ఒట్టి రంగు, బొమ్మ లేదు. ప్యానెల్ మీద నాలుగే ఐకాన్లు, పెద్దవి. మిగిలినవన్నీ తీసేశాను.

టైపింగ్ దగ్గర ఎక్కువ రోజులు పట్టింది. "ఒకసారి నొక్కితే మూడుసార్లు పడుతోందమ్మా" అన్నారు. నేను రెండు రోజులు గమనించాను. కొన్నిసార్లు వేలు కీ మీదే ఉండిపోతుంది, అప్పుడు అఅఅఅ అని వరస కడుతుంది. దానికి కీ రిపీట్ ఆపేస్తే చాలు. కొన్నిసార్లు వేలు లేచి వణికి మళ్లీ పడుతుంది, అది వేరే సంగతి. దానికి యాక్సెసిబిలిటీ సెట్టింగుల్లో బౌన్స్ కీస్ అని ఒకటి ఉంది. ఒకే కీ వెంటవెంటనే రెండోసారి పడితే పట్టించుకోవద్దని చెప్పడం అన్నమాట, ఎంత వ్యవధి అన్నది మిల్లీసెకన్లలో మనమే చెప్పాలి. అది ఆన్ చేస్తే ఇంగ్లిష్ చక్కగా వచ్చింది, తెలుగు మాత్రం వింతగా తయారైంది. ఆయన ఇంగ్లిష్ అక్షరాలతో తెలుగు కొట్టే ఆర్‌టీఎస్ పద్ధతి వాడేవారు. అందులో అమ్మ అనాలంటే ఎం రెండుసార్లు కొట్టాలి. రెండోది బౌన్స్ కీస్ మింగేస్తోంది, అమ్మ కాస్తా అమ అయిపోతోంది. నాన్న అని కొడితే నన అని పడింది. ఎందుకో తెలియక ఇద్దరం ఒక పూటంతా దాన్నే చూస్తూ కూర్చున్నాం.

అర్థమయ్యాక, తెలుగు అక్షరాలకి నేరుగా కీలుండే ఇన్‌స్క్రిప్ట్ లేఅవుట్‌కి మార్చాం. అందులో అమ్మ అంటే అ, మ, హలంతు, మళ్లీ మ. మధ్యలో వేరే కీ ఉంటుంది కాబట్టి ఒత్తు ఎక్కడికీ పోదు. ఇన్‌స్క్రిప్ట్‌లో కీలు ఎక్కడున్నాయో ఆయన కాగితం మీద గళ్లు గీసుకుని, రోజుకి ఒక వరస చొప్పున నేర్చుకున్నారు. ఐబస్ అనే ప్రోగ్రాంతో తెలుగు, ఇంగ్లిష్ మధ్య మారడానికి ఒక్క కీ పెట్టాను. ఇప్పుడు పొద్దున్నే మీ ఈ-పేపర్ ఆయనే తెరుచుకుంటారు, చదివినవాటి మీద నాకు చిన్న చిన్న ఉత్తరాలు టైప్ చేస్తారు. మీ ఆదివారం వ్యాసం నాకంటే ముందు చూసింది ఆయనే, "ఇందులో వెనక్కి ఎలా రావాలో లేదేంటమ్మా" అని అడిగింది కూడా ఆయనే.

తెలుగు వాడేవాళ్లకి ఇంకో చిన్న సంగతి. అందమైన థీమ్‌లు చాలావాటిలో ప్యానెల్, టైటిల్ బార్ సన్నగా ఉంటాయి. ఇంగ్లిష్ అక్షరాలకి ఆ ఎత్తు సరిపోతుంది, మన ఒత్తులకి సరిపోదు. రాష్ట్రం అని పేరున్న ఫైలు తెరిస్తే టైటిల్‌లో కింది ఒత్తులు తెగిపోయి కనబడ్డాయి. థీమ్ వేసుకోగానే తెలుగు పేరున్న ఫైలు ఒకటి తెరిచి, కింద ఒత్తులు, పైన గుడులు నిండుగా ఉన్నాయో లేదో చూసుకోండి. లేకపోతే ప్యానెల్ ఎత్తు పెంచండి, టైటిల్ బార్ అయితే వేరే ఫాంట్ పెట్టి చూడండి, అయినా తెగిపోతుంటే ఆ థీమ్ ఎంత బాగున్నా మనకి కాదు.

ఇన్ని రకాల డెస్క్‌టాప్‌లు ఎందుకు, ఒకటుంటే చాలదా అని చాలామంది అడుగుతారు. ఒక్కోదాని వెనక నచ్చక మార్చుకున్నవాళ్లున్నారు. ఒక్కో ప్రోగ్రాం ఒక్కో తీరుగా కనబడుతోందని, మామూలు మనుషులు వాడలేకపోతున్నారని 1996లో మాథియాస్ ఎట్రిచ్ కేడీఈ మొదలుపెట్టారు. అది కిటికీలు, బటన్లు తయారుచేయడానికి వాడిన క్యూటీ అనే టూల్‌కిట్ లైసెన్స్ అప్పట్లో పూర్తి స్వేచ్ఛ ఇవ్వలేదని 1997లో గ్నోమ్ పుట్టింది. 2011లో గ్నోమ్ 3 రూపం మొత్తం మార్చేస్తే, పాతదే కావాలన్నవాళ్లు దాన్ని మాటే పేరుతో నిలబెట్టుకున్నారు, మింట్ వాళ్లు సినమన్ చేసుకున్నారు. మా నాన్నగారు ఇవాళ కింద ఎడమ మూలన మెనూ చూసుకుని ధైర్యంగా నొక్కుతున్నారంటే అప్పుడు ఎవరో మాకిలా వద్దు అని పట్టుబట్టినందువల్లే.

అందుకే మిమ్మల్ని అడుగుతున్నాను. ఇలాంటి వ్యాసాలు ఆపకండి, ఇంకా వేయండి. వేసినప్పుడు అది ఏ సిస్టమ్‌కి, ఏ వర్షన్‌కి, ఏ నెలలో పరీక్షించి రాశారో పైనే పెట్టండి. ప్రతి కమాండ్ పక్కన అది ఏం చేస్తుందో తెలుగులో ఒక లైను, దాన్ని వెనక్కి తిప్పే దారి ఇంకో లైను రాయించండి. సుడో ఉన్న కమాండ్‌కి ముందు టైమ్‌షిఫ్ట్ స్నాప్‌షాట్ తీసుకోమని చెప్పండి. ఇన్‌స్టాల్ చేయకుండానే పెన్‌డ్రైవ్ నుంచి డెస్క్‌టాప్‌ని వాడి చూడొచ్చని, మింట్, ఉబుంటు రెండూ అలా నడుస్తాయని తెలియనివాళ్లు ఎందరో ఉన్నారు, దాంతోనే మొదలుపెట్టండి. తళతళలాడే స్క్రీన్‌షాట్ ఒకటి తగ్గించి, ఆ చోటులో యాక్సెసిబిలిటీ సెట్టింగుల గురించి ఒక వారం రాయండి. కళ్లు సరిగా కనబడనివాళ్లు, చేయి వణికేవాళ్లు ప్రతి ఇంట్లో ఉంటారు, మీ పత్రిక చదివేవాళ్లలో కూడా. రాసేవాళ్లు దొరక్కపోతే నాకు తెలిసినంతవరకు నేను రాసిస్తాను, మా నాన్నగారు చదివి సరిచూస్తారు.

ఆదివారం వ్యాసంలోని నాలుగు, ఐదు కమాండ్ల గురించి మాత్రం వచ్చే ఆదివారం దాకా ఆగొద్దు. రేపటి పేపర్లోనే చిన్న సవరణ వేయండి. మింట్ సినమన్ వాడేవాళ్లు ఆ రెండూ కొట్టొద్దని, కొట్టేసి లాగిన్ దగ్గర ఆగిపోయినవాళ్లు కంట్రోల్, ఆల్ట్, ఎఫ్3 నొక్కి లోపలికి వెళ్లి సినమన్ ప్యాకేజీని మళ్లీ వేసుకోవాలని, వాళ్ల ఫైళ్లు భద్రంగానే ఉన్నాయని.

ఇట్లు,
మీ పత్రిక పాఠకురాలు